పేదరికమును పొదుపును: కావ్యములు చూపిన భేదము

పొదుపును గూర్చి మాట మొదలుపెట్టగానే మనవారిలో పెక్కుమంది కుచేలుని తలచుకొందురు. చినిగిన వస్త్రము, చిక్కిన శరీరము, కొంగున ముడివైచిన అటుకులు, ముఖమున చెదరని సంతృప్తి: ఈ చిత్రము మనస్సున నిలిచిపోయినందున, లేమిలో నుండుటయే ఒక సుగుణమనియు, ధనమును గూర్చి ఆలోచించుట అల్పుల పని యనియు ఒక భ్రాంతి మనలో వేళ్లూనినది. జీతము చేతబడిన పదునైదు దినములకే పొరుగువారిని చేబదులడుగు గృహస్థుడు సైతము, తనకు ధనముపై ఆశలేదని ధీమాగా చెప్పుకొనుట ఈ భ్రాంతి ఫలమే. ఆశలేకపోవుట వేఱు, లెక్కలేకపోవుట వేఱు. మన ప్రాచీన కవులు పేదరికమును మెచ్చి వ్రాసిరని నేను నమ్మను. వారు మెచ్చినది పేదరికమునందును చెడని మనుష్యుని. వారు పొదుపు నేర్పినచో, ఒరుల యెదుట చేయి చాపకుండుటకును, తన వాకిట చేయి చాపినవానిని ఉత్తచేతులతో పంపకుండుటకును నేర్పిరి. ఈ రెండింటిని దృష్టియందుంచుకొని పాత కథలను మరల చదివినచో, నేటి గృహస్థునకు పనికివచ్చు సంగతులు వానిలో పెక్కు గలవు.

కుచేలోపాఖ్యానమునే చూడుడు. పోతన భాగవతము దశమస్కంధమున ఆ ఘట్టమును తీరికగా చదివినవారికి, ఇంటి స్థితిని గూర్చి మొదట నోరు విప్పునది కుచేలుడు కాదనియు, అతని భార్య యనియు తెలియగలదు. పిల్లలు ఆకు దొప్పలు చేతబట్టుకొని అన్నమునకై తన్ను చుట్టుముట్టగా చూచిన తల్లి యామె. భర్త వైరాగ్యము మహత్తరమైనదే కావచ్చును. కాని ఆ వైరాగ్యమునకు దినదినమును మూల్యము చెల్లించుచున్నది ఎవరో ఆమెకు మాత్రమే తెలియును. ఆమె నిష్ఠురములాడలేదు, నీ బాల్యమిత్రుడు ద్వారకలో నున్నాడు గదా, ఒక్కమారు పోయి చూచిరమ్మని ఉపాయము చెప్పినది. వట్టిచేతులతో పెద్దవారి దర్శనమునకు పోరాదను మర్యాదకై కట్టిన అటుకులు సైతము, సంస్కృత భాగవతము ననుసరించి, ఆ యింటివి కావు. ఇరుగుపొరుగు విప్రుల యిండ్ల అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్లు. ఇంతటి కార్యదక్షురాలికి కథలో పేరైనను లేదు. భక్తిదృష్టితో చదువువారు కృష్ణుని కౌగిలి యొద్ద ఆగిపోవుదురు, అది సహజమే. గృహనీతికై చదువువారు మాత్రము ఆ కొంగుముడి యొద్ద కొంతసేపు నిలువవలయును. మీ యింట బియ్యపుడబ్బా అడుగు ఎవరి కంటబడుచున్నదో, వెచ్చముల లెక్కయు వ్యయనిర్ణయమును వారి చేతిలో ఉన్నవా లేవా యని విచారించుట పొదుపునకు మొదటి మెట్టు.

ఇక పేదరికము మనుష్యుని నెట్లు కాల్చునో తెలియగోరువారు కుచేలుని విడిచి ద్రోణుని యొద్దకు పోవలయును. ఇతడును బ్రాహ్మణుడే, ఇతనికిని రాజైన బాల్యమిత్రుడున్నాడు. ధనికుల పిల్లలు పాలు త్రాగుచుండ చూచి తనకును పాలు కావలెనని అశ్వత్థామ యేడ్చినప్పుడు, తోడి బాలురు పిండి కలిపిన నీరు పాలని చెప్పి త్రాగించిరి, వాడు పాలు త్రాగితినని సంతోషముతో గంతులు వేసెను, చూచినవారు నవ్విరి. ఒక్క పాడియావు కొఱకు ధర్మముగా ప్రయత్నించియు ఎచ్చటను పొందలేకపోయితినని ద్రోణుడే భీష్మునితో చెప్పుకొనినాడు. ఆ బాల్యమిత్రుడైన ద్రుపదుని కొలువునకు పోగా, సమానుల నడుమనే గాని రాజునకును దరిద్రునకును స్నేహమెక్కడిదని ద్రుపదుడు పరిహసించెను. ఆ యవమానము ద్రోణుని గుండెలో ఎన్నడును ఆఱలేదు. శిష్యులచేత ద్రుపదుని కట్టించి తెప్పించుట, అర్ధరాజ్యము నపహరించుట, ద్రుపదుడు పగబట్టి ద్రోణసంహారమునకై పుత్రుని పడయుట, చివరకు కురుక్షేత్రమున ఇరువురును నశించుట: ఇంత యనర్థమునకు మూలములలో ఒకటి ఒక బిడ్డకు దొరకని గ్రుక్కెడు పాలు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ద్రోణుడు దుబారా చేసి పేదయైనవాడు కాడు. అట్టివానికి మితవ్యయమును బోధించుట ఎంత హాస్యాస్పదమో, నేడు పస్తులుండు కూలివానికి పొదుపు పాఠములు చెప్పుటయు అంతే హాస్యాస్పదము, క్రూరము కూడ. సంపాదనయే చాలనివానికి కావలసినది పని, వేతనము, ఆదుకొను చేయి. పొదుపును గూర్చిన హితవు, చేతికి కొంత వచ్చి వ్రేళ్ల సందులనుండి జారిపోవుచున్న వానికి. అనగా నాకు, మీకు, మనవంటి మధ్యతరగతి గృహస్థులకు. ఈ భేదమును పాటింపక వ్రాసిన వికాస గ్రంథములు చూచినప్పుడెల్ల, వానిని వ్రాసినవారు భారతము ఆదిపర్వమును చదువలేదు కాబోలునని నాకు తోచుచుండును.

మన దేశ సాహిత్యమున పేదరికమును గూర్చి అన్నిటికంటె సూక్ష్మముగా ఆలోచించిన నాటకము శూద్రకుని మృచ్ఛకటికము. నాయకుడు చారుదత్తుడు ఉజ్జయినిలో పేరెన్నికగన్న ధనికుడు. జన్మచే బ్రాహ్మణుడు, వృత్తిచే వర్తకుడు. దానము చేసి, మిత్రులను పోషించి, కళలను ఆదరించి, తుదకు పేదయైనాడు. ఒకప్పుడు హంసలును బెగ్గురులును వచ్చి బలియన్నము తినిపోయిన గడపయందు ఇప్పుడు గడ్డి మొలచినదట. చారుదత్తుని బాధ ధనము పోయినందులకు కాదు. భాగ్యము వచ్చును, పోవును, అది యతనికి తెలియును. ధనము పోయినవాని యెడ మిత్రుల ప్రేమ సడలిపోవుట, అతిథులు తన యింటిని శూన్యగృహముగా భావించి తొలగిపోవుట, ఇవి యతనిని దహించినవి. ఇయ్యలేకపోవుటయే ఇచ్చి యలవాటుపడినవానికి నిజమైన దారిద్ర్యము.

ఇంతవరకు మనము చారుదత్తునకు నమస్కరింపవచ్చును. కాని నాటకము నడచినకొలది ఆతని ఔదార్యపు బరువు ఎవరి మెడపై పడుచున్నదో చూడుడు. గణిక వసంతసేన చారుదత్తుని యింట దాచిన నగలు దొంగల పాలైనవి. దరిద్రుడైనందున, దొంగతనము నిజమని లోకము నమ్మదనియు, తానే మ్రింగినాడని యనుకొనుననియు అతని భయము. ఆ యపవాదము నుండి భర్తను తప్పించుటకై, పుట్టినింటినుండి వచ్చిన తన రత్నమాలను భార్య ధూత వెలికి దీసినది. దాని నూరక ఇచ్చినచో భర్త స్వీకరింపడని, వ్రతదక్షిణ యను మిషతో విదూషకుడైన మైత్రేయుని చేతిలో పెట్టినది. పిమ్మట వచ్చు దృశ్యము అందఱకును తెలిసినదే. పొరుగింటి బాలుని బంగారు బండిని చూచి చారుదత్తుని కుమారుడు రోహసేనుడు తనకును అదియే కావలెనని యేడ్చుచుండ, దాసి మట్టిబండి నొకదానిని చేసి యిచ్చినది, వాడు ఊరుకొనడు, వసంతసేన తన నగలను ఒలిచి ఆ మట్టిబండి నిండ పోసినది. నాటకమునకు ఆ మట్టిబండి పేరే పెట్టుటలో శూద్రకుని ఉద్దేశమేమైనను, ఒక గృహస్థునిగా నేను చదువుకొనునది ఇది: తండ్రి దానశీలము నగరమున కీర్తియై వ్యాపించుచుండగా, ఇంటిలో భార్య కంఠమును బిడ్డ ఆటవస్తువును దాని ఋణమును తీర్చుచున్నవి.

దానము మానుమని నేను చెప్పుటలేదు. ఆదాయములో ఇంత భాగము దానధర్మములకని సంవత్సరాదికే భార్యాభర్తలు కూర్చుండి నిర్ణయించుకొని, ఆ భాగమును ప్రత్యేకముగా తీసిపెట్టినచో, ఇచ్చునప్పుడు చేయి వణకదు. ఆ భాగము తీరిపోయినప్పుడు లేదని చెప్పుటకు సిగ్గును ఉండదు. చారుదత్తుని వంటివారికి లేదని చెప్పుట రాదు. అదియొక విద్య, నేర్చుకొనవలసినదే.

కౌటిల్యుడు అర్థశాస్త్రము రెండవ యధికరణమున రాజోద్యోగులను పరీక్షించు సందర్భమున ధనము చెడగొట్టు మూడు తెగల మనుష్యులను పేర్కొన్నాడు. తాతతండ్రులు కూర్చినదానిని అన్యాయముగా తినివైచువాడు మూలహరుడు. వచ్చినది వచ్చినట్లు తినివైచువాడు తాదాత్వికుడు. భృత్యులను, తన్నును గూడ మాడ్చి కూడబెట్టువాడు కదర్యుడు. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించువఱకు ఆధునిక లోకమునకు ఈ గ్రంథము ముద్రితరూపమున అందలేదు గాని, ఇందలి మూడు మూర్తులను మన కవులు అంతకు ముందే సజీవముగా చిత్రించి యుంచిరి. పిసినారిని సైతము ధనము చెడగొట్టువారి వరుసలోనే కూర్చుండబెట్టుట కౌటిల్యుని గొప్ప. పొదుపరి యని మనము ఆదరించు పెక్కుమంది ఆయన దృష్టిలో దుబారాకోరులకు తోబుట్టువులు.

మూలహరుడు కావలెనన్న తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యమున నిగమశర్మ యున్నాడు. పీఠికాపురమున సద్వంశమున పుట్టి, చదివినవాడై యుండియు, పిత్రార్జితమును వ్యసనములకు ధారపోయుచుండ, అత్తవారింటినుండి అక్క భర్తతోను బిడ్డలతోను దిగివచ్చినది. తమ్ముని దువ్వి, మందలించి, వంశగౌరవమును జ్ఞప్తికి తెచ్చినది. వాడు బుద్ధిమంతుడైనట్లు నటించి, అందఱును నిదురించిన రాత్రి ఇంటనున్న నగనట్రలన్నియు మూటగట్టుకొని పాఱిపోయినాడు. అక్క ముక్కర సైతము ఆ మూటలోనే పోయినది. ఈమెకును కవి పేరు పెట్టలేదు; నిగమశర్మ యక్క యనియే లోకమెఱుగును. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఈమెను గూర్చి ఒక ప్రత్యేక వ్యాసమే వ్రాసిరి. కుచేలుని భార్య, ఈ యక్క, వీరిని ఒక వరుసలో నిలిపి చూచినప్పుడు, ఇల్లు నిలుపు పనిని స్త్రీల పాలబెట్టి పేరుప్రతిష్ఠలను పురుషులకు పంచిపెట్టుట మన కవులకును పరిపాటియేనా యను అనుమానము కలుగక మానదు. అది యట్లుండనిండు. వ్యసనపరుడు ఒక్క పూట కన్నీళ్లు పెట్టుకొన్నంతనే బీరువా తాళములు అతని యెదుట పెట్టి నిదురించుట ఆ యక్క చేసిన పొరపాటు. హితబోధయు చేయవలయును, తాళమును వేయవలయును.

తాదాత్వికునికి ఉదాహరణముగా శ్రీనాథుని పేరెత్తుటకు నాకు కొంత సంకోచము కలదు. అంతటి మహాకవిని పట్టి లెక్కలడుగుట భావ్యము కాదు. అయినను ఆయనయే తన కష్టములను చాటువులుగా చెప్పుకొన్నట్లు లోకము విశ్వసించుచున్నది. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో కనకాభిషేకము పొందినవాడు, కొండవీటి రెడ్ల కొలువున విద్యాధికారియై భోగములనుభవించినవాడు, వార్ధక్యమున కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు గొని, ఏటి వఱద పంటను మ్రింగివేయగా, ఏడునూర్ల టంకముల సుంకము చెల్లింపజాలక, భుజమున ఱాయి మోయు శిక్ష ననుభవించెనని ఆ చాటువుల వలన తెలియుచున్నది. రాజాశ్రయము కుప్పకూలుట ఆయన తప్పిదము కాదు. వఱద యసలే కాదు. కాని కనకము కురిసిన దినములలో నొక కొంత పక్కన బెట్టియుండినచో ఆ ముదిమిలో గుత్తసేద్యము చేయవలసి వచ్చెడిది కాదేమో. పోతన హాలికుడై జీవించెనని, రాజునకు కృతి నీయలేదని చెప్పు కథలు ఎంతవఱకు చరిత్రయో యెట్లున్నను, జనులు ఆ యిరువురను జంటగా నిలిపి చెప్పుకొనుటలో ఒక ఆర్థికశాస్త్రము ఇమిడియున్నది. ప్రభువు ప్రసన్నతపై ఆధారపడిన ఆదాయము ఎంత పెద్దదైనను అది నిలకడయైనది కాదు. నేడు ప్రభువుల స్థానమున యజమానులును సంస్థలును వచ్చినవి; అంతే మార్పు. ఒకే చోటినుండి పెద్ద జీతము తెచ్చుకొనువారు, ఆ జీతము లేకున్న ఆఱు మాసములు ఇల్లు గడచునా యని ఇప్పుడే లెక్కవేసికొనవలయును.

కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో వెలువడినప్పుడు, అందలి రాజశేఖరుడు ఎందఱ యిండ్ల యద్దములలో కనబడియుండునో! ధవళేశ్వరమున నున్న ఈ ధనికుడు దుష్టుడు కాడు; స్తోత్రపాఠకుల మాటలకు పొంగి, విందులకును వేడుకలకును వెచ్చించి, బంగారము చేసెదనన్న కపటయోగిని నమ్మి ఇంటనున్న బంగారమును అతని చేతిలో పోసినాడు. యోగి మాయమైనాడు, బంగారమును మాయమైనది. స్వల్పకాలమున సొమ్ము రెట్టింపగునని నేడు సెల్‌ఫోనులో వచ్చు ప్రకటనలకును ఆ యోగి మూసకును భేదమేమున్నది? రాజశేఖరునికి అప్పటికే ధనము తఱుగుచుండెను. తఱుగుచున్నవానికే త్వరగా పెరుగవలెనను ఆతురత యెక్కువ. మోసగాండ్రు కోరునది ఆ ఘడియనే.

కదర్యులు మన సాహిత్యమున నవ్వులపాలైనంతగా మఱి యెవరును కాలేదు. కన్యాశుల్కమున లుబ్ధావధానులు ఆడువేషము వేసిన కుఱ్ఱవానిని వధువనుకొని శుల్కము చెల్లించిన సంగతి తెలియనివా రరుదు. పంచతంత్రములో సోమిలకుడను సాలెవాని కథ అంతగా ప్రచారములో లేదు, అది చెప్పెదను. రాజులు ధరింపదగిన మేలి వస్త్రములు నేసియు అతనికి కూడు గుడ్డలకు మించి మిగులలేదు. ముతక బట్టలు నేయువారు మాత్రము ధనికులైరి. దేశాంతరము పోయి మూడేండ్లలో మూడు వందల బంగారు నాణెములు సంపాదించి, దారిలో అవి దైవికముగా మాయముకాగా, మరల పోయి ఒక్క యేటనే అయిదు వందలు గడించి, అవియు పోగొట్టుకొన్నాడు. అప్పుడు గుప్తధనుడు, ఉపభుక్తధనుడు అను ఇరువురు వర్తకపుత్రుల యింట ఒక్కొక్క రాత్రి గడపి, వారిలో ఎవరివలె నుండగోరెదవో చెప్పుమని అతనికి ఆదేశమైనది. గుప్తధనుడు విసుగుతో ఇంత యన్నము పెట్టించెను. మఱునాడు రోగము తగిలి ఉపవాసముండుటచే, అతిథికై యైన ఖర్చు ఆ లంఘనముతో సరిపోయినది! ఉపభుక్తధనుడు ఉన్నదంతయు పెట్టి ఆదరించెను. తెల్లవాఱగానే రాజప్రసాదముగా ధనము వచ్చి చేరినది. సోమిలకుడు రెండవవానినే కోరుకొన్నాడు. రాజప్రసాదము నమ్ముకొని వ్యయము చేయుమని ఈ కథ నుండి గ్రహింపరాదు. అది కథకుని సౌకర్యము. గుప్తధనుని ఇంటి యన్నము ఎట్లుండెనో మాత్రము జ్ఞప్తియందుంచుకొనదగును.

అయితే మితమనగా నెంత? కాళిదాసు రఘువంశము అయిదవ సర్గలో దీనికొక కొలత యున్నది. విశ్వజిద్యాగమున సర్వస్వము దానము చేసి, మట్టిపాత్రలో అర్ఘ్యము తెచ్చిన రఘుమహారాజు నొద్దకు, గురుదక్షిణగా పదునాలుగు కోట్లు తేవలసియున్న కౌత్సుడు వచ్చినాడు. ఆ మట్టిపాత్రను చూచి, మఱియొకచోట అర్థించెదనని వెనుదిరుగబోయినాడు. రాజు ఆపినాడు, కుబేరుడు కోశాగారమున బంగారము కురిపించినాడు, రఘువు అంతయు తీసికొమ్మన్నాడు. కౌత్సుడు గురువున కీయవలసినదానికి మించి ఒక్క కాసైనను తాకనన్నాడు. ఇచ్చువాని యౌదార్యమును సులభముగనే పొగడుదుము. సాకేతపురవాసులు ఇరువురను సమానముగా అభినందించిరని కాళిదాసు వ్రాసినాడు. తనకు కావలసిన మొత్తమెంతో ముందే యెఱిగి ఇల్లు వెడలినవాడు కౌత్సుడు. అంగడికి పోవునప్పుడు చేతిలో చీటీ లేనివారెల్లరు అతని వలన నేర్చుకొనవలసినది కలదు.

తుదకొక వర్తకుని కథ. గుణాఢ్యుని బృహత్కథను శాతవాహన రాజాస్థానముతో ముడిపెట్టి చెప్పు సంప్రదాయము మనకు సన్నిహితము. ఆ మూలము నశించినను పదునొకండవ శతాబ్దమున కాశ్మీర దేశపు సోమదేవుడు కథాసరిత్సాగరమున దానిని నిలిపియుంచినాడు. తండ్రిని పుట్టకముందే పోగొట్టుకొన్న ఒక బాలుని, తల్లి కష్టపడి పెంచి, ఉపాధ్యాయుని వేడుకొని వ్రాతయు గణితమును నేర్పించినది. ఈమెకును కథలో పేరు లేదు. పేద వణిక్పుత్రులకు పెట్టుబడి యిచ్చు విశాఖిలుని యొద్దకు పొమ్మని ఆమెయే పంపినది. బాలుడు పోవునప్పటికి విశాఖిలుడు మఱియొక యువకుని మందలించుచున్నాడు: నేల పడియున్న ఈ చచ్చిన యెలుకను మూలధనముగా గొనియైనను సమర్థుడు ధనము గడింపగలడు, నీవు నేనిచ్చిన దీనారములను పెంచుట యటుండ నిలుపుకొననైన లేకపోయితివని. బాలుడు ముందునకు వచ్చి, ఆ యెలుకను తనకు పెట్టుబడిగా ఇమ్మని, దానికి పత్రము వ్రాసియిచ్చి తీసికొన్నాడు. వర్తకుడు నవ్వినాడు.

ఎలుకను పిల్లి మేతకై ఒక కోమటికి అమ్మగా రెండు దోసిళ్ల సెనగలు వచ్చినవి. ఆకలిగొన్న పిల్లవాడు ఆ సెనగలు తినివేసియుండినచో కథ అక్కడనే ముగిసెడిది. అతడు వానిని పిండిచేసి, ఒక కడవ చల్లని నీటితో ఊరి వెలుపల కూడలిలో చెట్టునీడను కూర్చుండి, అలసి వచ్చు కట్టెలవాండ్రకు వినయముగా పిండియు నీరును ఇచ్చినాడు. వారు తలకు రెండేసి కట్టెలు ఇచ్చిపోయిరి. కట్టెలమ్మి, వచ్చినదానిలో కొంతతో మరల సెనగలు కొని, కొంత దాచి, దినదినము అట్లే చేసి, పిమ్మట మూడు దినముల కట్టెలన్నియు తానే కొనియుంచినాడు. వానలు పట్టి కట్టెలు కఱవైనప్పుడు వందల పణములకు అమ్ముకొని అంగడి పెట్టినాడు. పెట్టుబడిని తినకుండుట, వచ్చినదానిలో మరల కొంత వ్యాపారమునందు పెట్టుట, రోజువారీ ఖర్చుతో దాచినదానిని కలుపకుండుట: వీధిమొగను ఇడ్లీబండి పెట్టువానికి నేడు బ్యాంకువారు చెప్పు నియమములలో ఇంతకు మించి యెక్కువ నాకు కనబడలేదు. అలసినవానికి నీరిచ్చుటతో వర్తకమారంభించుట మాత్రము ఏ బ్యాంకువారును చెప్పరు.

ధనికుడైన పిమ్మట అతడు బంగారముతో ఎలుకను చేయించి విశాఖిలునకు పంపి బాకీ తీర్చుకొన్నాడు. విశాఖిలుడు తన కూతును ఇచ్చి పెండ్లి చేసినాడు. లోకమతనిని మూషకుడనియే పిలిచినది. దీనారములు పోగొట్టుకొని ఆనాడు చీవాట్లు తిన్న ఆ రెండవ యువకుడు తరువాత ఏమయ్యెనో సోమదేవుడు చెప్పలేదు.